గ్రాఫ్ థియరీలో పరిశోధన చేయదలచిన నెల్లూరు, ఒంగోలు విద్యార్థులకు

నెల్లూరు నుంచి కోవూరు వైపు పెన్నను దాటడానికి ఎన్ని వంతెనలైనా ఉండనివ్వండి. ఒక్కొక్క వంతెన మీద ఒక్కసారే నడుస్తూ అన్నింటినీ దాటగలమా అని ఎవరైనా అడిగితే, వాటిని లెక్కపెట్టకముందే దాటగలమని చెప్పవచ్చు. నదికి గట్లు రెండే కాబట్టి అటూ ఇటూ తిరగడం తప్ప వేరే దారి లేదు. వంతెనల సంఖ్య సరి అయితే బయలుదేరిన గట్టుకే తిరిగి వస్తాం, బేసి అయితే ఆ పూటకు అవతలి గట్టున ఉండిపోతాం. కోనిగ్స్‌బర్గ్ నగరంలో నేల నాలుగు ముక్కలుగా ఉండడం వల్ల విషయం వేరైంది. అక్కడ ఒక ముక్కకు 5 వంతెనలు, మిగిలిన మూడింటికి మూడేసి వంతెనలు వచ్చి చేరుతున్నాయి. ప్రయాణం మొదలైన చోట, ముగిసిన చోట తప్ప మరెక్కడా బేసి సంఖ్య ఉండకూడదు కనుక ఏడు వంతెనలనూ ఆ విధంగా దాటడం అసాధ్యమని 1736లో ఆయిలర్ చూపించాడు. గ్రాఫ్ థియరీ పుట్టుకను అక్కడి నుంచే లెక్కిస్తారు.

ఈ పేరా చదివినప్పుడు మీ మనసు జవాబు దగ్గర ఆగకుండా "బేసి ఎందుకు కూడదు?" అన్న చోట ఆగి ఉంటే, ఈ వ్యాసంలో మిగిలిన భాగం మీకు ఉపయోగపడుతుంది. ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలల్లో చాలా ఏళ్ళు గణితం చెప్పి, ఉద్యోగం చేస్తూనే ఆలస్యంగా పీహెచ్.డి. చేసినవాడిగా నాకు తెలిసిన దారిని, అందులో నేను తప్పిన మలుపులతో సహా రాస్తున్నాను. ముందుగా ఒక హెచ్చరిక. చుక్కలూ వాటిని కలిపే గీతలూ తప్ప ముందస్తు సరంజామా అక్కర్లేదు కాబట్టి, ఈ రంగంలో ప్రశ్న ఇంటర్ విద్యార్థికి కూడా అర్థమవుతుంది. మన వైపు కళాశాలల్లో పీహెచ్.డి. కోసం ఎక్కువమంది దీనిని ఎంచుకోవడానికి అదే కారణం, వారిలో చాలామంది నాలుగైదేళ్ళకే ముందుకు కదలలేక నిలిచిపోవడానికీ అదే కారణం.

డిగ్రీ మూడేళ్ళలో

నెల్లూరు కోచింగులకు పేరుపడ్డ ఊరు. ఇంటర్ రెండేళ్ళూ నిమిషానికో ప్రశ్న చొప్పున జవాబు గుర్తించడం నేర్చుకున్న విద్యార్థికి, ఒకే ప్రశ్నతో వారం రోజులు కూర్చోవడం మొదట్లో శిక్షలాగే ఉంటుంది. ఆ వేగం తప్పు కాదు, ప్రవేశ పరీక్షల్లో మళ్ళీ పనికొస్తుంది. అయితే పరిశోధనకు కావలసింది వేరే అలవాటు. వారానికి ఒక సిద్ధాంతం తీసుకుని, నిరూపణ చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద మొదటి నుంచి రాయండి. ఎక్కడ కలం ఆగిందో అక్కడ మీకు అర్థం కాలేదన్న మాట. ఆలోచన తెలుగులో సాగితే తెలుగులోనే సాగనివ్వండి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లీషు వాక్యం కుదరడం లేదని నిరూపణనే వదిలేయడం చూశాను, వాక్యం తరువాతైనా కుదురుతుంది.

ఎలాంటి నిరూపణలతో మొదలుపెట్టాలో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు వచ్చిన ప్రతి మనిషీ ఎంతమంది వేర్వేరు మనుషులతో రొట్టె ఇచ్చిపుచ్చుకున్నాడో లెక్క వేసుకుంటే, ఒకే లెక్క వచ్చినవారు కనీసం ఇద్దరు ఉండి తీరతారు. వచ్చినవారు మొత్తం వెయ్యిమంది అనుకుంటే ఒక్కొక్కరి లెక్క 0 నుంచి 999 వరకు ఏదైనా కావచ్చు, అంటే వెయ్యిమందికి వెయ్యి అవకాశాలు. కాని ఎవరితోనూ మార్చుకోని మనిషి, అందరితోనూ మార్చుకున్న మనిషి ఒకే గుంపులో ఉండలేరు కాబట్టి 0, 999 అన్న రెండు లెక్కలూ ఒకేసారి రావు, మిగిలిన అవకాశాలు 999 మాత్రమే, అందువల్ల ఎవరో ఇద్దరికి ఒకే లెక్క తప్పదు. ఇందులో సూత్రం లేదు, గణన లేదు, వాదన మాత్రమే ఉంది. వెయ్యికి బదులు ఏ సంఖ్య పెట్టినా వాదన నిలుస్తుందా, ఒక్కరే ఉంటే ఏమవుతుంది అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోవడం దీని తరువాతి మెట్టు.

పుస్తకాల విషయంలో నా సలహా సూటిగానే ఉంటుంది. వెస్ట్ రాసిన పాఠ్యపుస్తకంలోని అభ్యాసాలు డిగ్రీ రెండో ఏడాది నుంచి చేయవచ్చు, బాండీ, మూర్తి 1976లో వెలువరించిన పుస్తకం పాతదైనా చిన్నది, శుభ్రమైనది, డీస్టెల్‌ను ఎం.ఎస్‌సి. దాకా ఆపండి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన సునీల్ చంద్రన్ ఉపన్యాసాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరుకుతాయి. వేసవిలో మాత్రం ఇంట్లో ఉండకండి. 1993 నుంచి జరుగుతున్న ఎంటీటీఎస్ అనే గణిత శిక్షణ శిబిరానికి దరఖాస్తు చేయండి. అక్కడ వినడం తక్కువ, బోర్డు దగ్గర నిలబడి ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడం ఎక్కువ. డిగ్రీ విద్యార్థుల కోసం 2010 నుంచి నిర్వహిస్తున్న మాధవ గణిత పోటీ కూడా రాయదగినదే, మార్కులు రాకపోయినా ప్రశ్నలు మిగులుతాయి.

ఎం.ఎస్‌సి., ఆ తరువాతి పరీక్షలు

కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, 2022లో ఏర్పడిన ఒంగోలు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఇంటికి దగ్గర. వాటిలో చేరడానికి ఏపీ పీజీసెట్ రాయాలి. ఐఐటీల కోసం జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు దాని ప్రవేశ పరీక్ష దానిదే. ఇంటి పరిస్థితులు అనుమతిస్తే ఒక్కసారైనా జిల్లా దాటి చదవండి అని చెప్తాను. దగ్గరి విశ్వవిద్యాలయాలు తక్కువవని నా ఉద్దేశం కాదు. మీ కంటే బాగా ఆలోచించే తోటి విద్యార్థులు పదిమంది ఉన్న హాస్టల్ మెస్సు నేర్పేది ఏ సిలబస్‌లోనూ ఉండదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. గ్రాఫ్ థియరీయే చేయబోతున్నాం కదా అని విశ్లేషణ, బీజగణితం, టోపాలజీ పేపర్లను గట్టెక్కితే చాలన్నట్టు చదువుతారు. మొదటి దెబ్బ సీఎస్ఐఆర్ నెట్‌లో తగులుతుంది. గణిత శాస్త్రాల ఆ పరీక్ష 200 మార్కులకు జరుగుతుంది; మొదటి భాగంలో 15, రెండో భాగంలో 25, మూడో భాగంలో 20 ప్రశ్నలకు జవాబులు రాయాలి, చివరి భాగంలో ఒక్కొక్క ప్రశ్నకు 4.75 మార్కులు ఉంటాయి, తప్పు రాస్తే కోత లేదు గాని సరైన జవాబులన్నింటినీ గుర్తిస్తేనే మార్కు. ఆ సిలబస్‌లో క్రమచయాలు, సంయోగాలు, పావురాల గూళ్ళ సూత్రం వరకు ఉన్నాయి. గ్రాఫ్ థియరీ లేదు. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన ఉపకారవేతనం) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు, వాటిపైన ఇంటి అద్దె భత్యం 2023 జనవరి నుంచి అమలులో ఉన్న రేట్లు. పొలం మీద లేదా రొయ్యల గుంట మీద ఆధారపడ్డ కుటుంబాన్ని డబ్బు అడగకుండా చదవడానికి ఇదే ముఖ్యమైన ఆసరా. జాతీయ ఉన్నత గణిత మండలి (ఎన్‌బీహెచ్ఎం) ఉపకారవేతనం, గేట్ వేరే దారులు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్.డి. ప్రవేశానికి ఏపీఆర్‌సెట్ ఉంది.

రెండో దెబ్బ ఇంకా ఆలస్యంగా, పరిశోధన మధ్యలో తగులుతుంది. గ్రాఫ్ థియరీలో పెద్ద అడుగులు చాలావరకు బయటి నుంచి తెచ్చిన పనిముట్లతో పడ్డవే. సమితుల గురించి క్నేసర్ 1955లో వేసిన ప్రశ్నకు 1978లో లోవాస్ టోపాలజీతో జవాబు చెప్పాడు. గీతలకు రెండు రంగులు ఎలా వేసినా గీతలన్నీ ఒకే రంగులో ఉన్న చుక్కల గుంపు తప్పక దొరకాలంటే ఎన్ని చుక్కలు కావాలో చెప్పేవి రామ్సే సంఖ్యలు; అవి ఎంత పెద్దవో 1947లో ఎర్డోష్ సంభావ్యతతో చూపించాడు: అలాంటి గుంపు లేని గ్రాఫ్ ఒకటి ఉందని చూపడానికి దానిని కట్టనక్కర్లేదు, నాణెం ఎగరేసి గీతలకు రంగులు వేస్తే అది దొరికే సంభావ్యత సున్నా కాదని తేలితే చాలు. మన దేశపు పని చూసినా ఇంతే. బడిచదువులో కొంత భాగం గూడూరులో సాగించిన సి.ఆర్. రావు 1947లో ప్రవేశపెట్టిన ఆర్తోగనల్ అర్రేలు గణాంకశాస్త్రపు అవసరంలో నుంచి పుట్టిన సంయోజన గణితం. 16 శీర్షాలతో (చుక్కలు), ఒక్కొక్క శీర్షానికి 6 అంచులతో (గీతలు) ఉండే శ్రీఖండే గ్రాఫ్ ఎవరి పేరు మీద ఉందో ఆ శరద్‌చంద్ర శ్రీఖండే కూడా ప్రయోగాలను రూపొందించే గణితం నుంచి వచ్చినవాడే. కనుక మాత్రికల పేపరును తేలికగా తీసుకున్న విద్యార్థి ఐదేళ్ళ తరువాత గ్రాఫ్ మాత్రిక ఐగెన్ విలువల ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి వస్తుంది.

గైడు, ప్రశ్న

గైడును ఎంచుకోవడం గురించి మన దగ్గర మాట్లాడుకునేది తక్కువ, సీటు ఎక్కడ ఖాళీగా ఉందో విచారించేది ఎక్కువ. చేరకముందు చేయదగిన పనులు ఇంటర్నెట్ ముందు కూర్చుని ఒక రోజులో పూర్తవుతాయి. శోధగంగలో ఆ గైడు వద్ద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు ఉంటాయి. రెండింటిని తెరిచి, అధ్యాయాల పేర్లు మాత్రమే మారుతూ లోపలి వాదన అదేగా ఉందా అని చూడండి. 2021 నుంచి అందరికీ ఉచితంగా తెరిచిన గణిత పత్రాల సూచిక జెడ్‌బీమ్యాత్‌లో ఆయన పత్రాలను ఇతరులు ఎక్కడైనా వాడుకున్నారా అని వెతకండి. పూర్వ విద్యార్థులతో ఫోనులో మాట్లాడి, గైడు వారానికి ఎన్నిసార్లు కూర్చుంటారో అడగండి. ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు ఆయన రాసిన పత్రం ఒకటైనా నిరూపణలతో సహా చదివి వెళ్ళండి, "సార్, మీ రెండో లెమ్మాలో ఈ షరతు అవసరమా?" అని అడిగిన విద్యార్థిని ఎవరూ మరచిపోరు.

ఇక ప్రశ్న సంగతి. గ్రాఫ్ లేబులింగ్ అనే శాఖ ఉంది. 1967లో రోసా ప్రవేశపెట్టిన భావన ఒకటి ఇలా ఉంటుంది: n శీర్షాలున్న చెట్టుకు (ఒకే ముక్కగా ఉండి, వలయాలు లేని గ్రాఫ్‌కు) 0 నుంచి n−1 వరకు సంఖ్యలను ఒక్కొక్క శీర్షానికి ఒకటి చొప్పున ఇచ్చి, ప్రతి అంచుకు దాని రెండు కొసల భేదాన్ని రాస్తే, 1 నుంచి n−1 వరకు అన్నీ ఒక్కొక్కసారి రావాలి. ప్రతి చెట్టుకూ ఇది సాధ్యమేనా అన్నది ఇప్పటికీ తేలలేదు. ప్రశ్న లోతైనది, దీనికి దగ్గరి చుట్టమైన రింగెల్ ఊహను తగినంత పెద్ద చెట్లన్నింటికీ మాంట్గోమరీ, పోక్రోవ్‌స్కీ, సుడకోవ్ 2020లో నిరూపించారు. కాని ఈ లోతైన ప్రశ్న చుట్టూ మరో వ్యాపకం పెరిగింది: లేబులింగ్‌కు కొత్త పేరు పెట్టడం, చక్రం, నిచ్చెన, నక్షత్రం వంటి నాలుగు కుటుంబాలకు అది కుదురుతుందని చూపడం, పత్రం ప్రచురించడం. గాలియన్ ఎప్పటికప్పుడు పెంచుతూ వస్తున్న సర్వేలో మూడు వేలకు పైగా పత్రాల ప్రస్తావన ఉంది. వాటిలో మంచివి లేవని నేను అనడం లేదు. అయితే మీ గైడు మొదటి రోజే "ఈ లేబులింగ్ ఈ ఆరు గ్రాఫులకు చెయ్యమ్మా" అంటే, ఇది తేలితే తరువాత ఏ ప్రశ్న తెరుచుకుంటుందని గౌరవంగానే అడగండి. జవాబు లేకపోతే మీరు చేయబోయేది లెక్కే గాని పరిశోధన కాదు.

మంచి ప్రశ్నను గుర్తించడానికి నేను వాడే పరీక్ష ఒకటే. తేలిన సందర్భాలకూ తేలని సందర్భాలకూ మధ్య తేడా ఎక్కడ వస్తున్నదో ఒక వాక్యంలో చెప్పగలిగితే అది పట్టుకోదగిన ప్రశ్న. చెప్పగలగాలంటే చేతితో చిన్న ఉదాహరణలు చాలా గీయాలి, గీయగలిగినంత గీశాక యంత్రానికి అప్పగించాలి. 9 శీర్షాలతో ఆకృతిలో వేర్వేరుగా ఉండే గ్రాఫులు 2,74,668 మాత్రమే. మెకే రాసిన నాటీ అనే గ్రాఫుల ప్రోగ్రాము, ఉచితంగా దొరికే గణిత సాఫ్ట్‌వేర్ సేజ్‌మ్యాత్ ఉంటే సాధారణ ల్యాప్‌టాప్ మీద మీ ఊహను వాటన్నింటి మీదా పరీక్షించవచ్చు. 10 శీర్షాలకు ఆ సంఖ్య 1,20,05,168 అవుతుంది. మూడు నెలలు నమ్మిన ఊహ 7 శీర్షాల గ్రాఫ్ దగ్గర కూలిపోవడం బాధాకరమే గాని, వైవాలో కూలడం కంటే నయం.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్.డి.కి కనీస గడువు మూడేళ్ళు, సాధారణ గరిష్ఠ గడువు ఆరేళ్ళు, కోర్సు వర్కు కనీసం 12 క్రెడిట్లు. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు పీజీ లేకుండానే అర్హులు. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు పత్రం ప్రచురించి తీరాలన్న జాతీయ నిబంధనను అప్పుడే తీసివేశారు; మీ విశ్వవిద్యాలయం తనకు తానుగా ఏం అడుగుతున్నదో చూసుకోండి.

రాయడం, పంపడం

పటంలో పక్కపక్క ప్రాంతాలకు వేర్వేరు రంగులు వేయడానికి నాలుగు చాలునా అన్న నాలుగు రంగుల సమస్యకు కెంప్ 1879లో ఇచ్చిన నిరూపణను పదకొండేళ్ళు అందరూ ఒప్పుకున్నారు. 1890లో హీవుడ్ అందులో తప్పు చూపించాడు, చివరకు 1976లో అపెల్, హాకెన్ కంప్యూటరు సాయంతో దానిని ముగించారు. నిరూపణ పూర్తయిందని సంబరపడ్డ రోజున దానిని సొరుగులో పెట్టి, రెండు వారాలు ఆగి, పరాయివాడి పత్రం చదివినట్టు తప్పు వెతుకుతూ చదవమని నేను చెప్పేది అందుకే. కెంప్ ఆలోచన వృథా కాలేదు, ఆయన వాడిన రెండు రంగుల గొలుసులను రంగుల నిరూపణల్లో ఇప్పటికీ వాడుతున్నారు.

పత్రం గణితం టైపు చేసే లేటెక్‌లో రాయాలి. వర్డులో రాసిన గణిత పత్రాన్ని చూడగానే రెఫరీకి (పత్రిక తరఫున పరిశీలించేవారికి) అనుమానం మొదలవుతుంది. పత్రాలను ప్రచురణకు ముందే అందరికీ ఉచితంగా ఉంచే వెబ్‌సైటు ఆర్కైవ్‌లో మొదటిసారి పెట్టేవారికి ఆ రంగంలో ఇప్పటికే రాస్తున్నవారి సిఫారసు అవసరం కావచ్చు. పంపదగిన పత్రికలలో 1971లో మొదలైన డిస్క్రీట్ మేథమేటిక్స్, 1977 నాటి జర్నల్ ఆఫ్ గ్రాఫ్ థియరీ ఉన్నాయి. 1994లో మొదలైన ఎలక్ట్రానిక్ జర్నల్ ఆఫ్ కాంబినేటోరిక్స్ రచయితను గాని పాఠకుణ్ణి గాని డబ్బు అడగదు. గణితంలో జవాబు రావడానికి ఆరు నెలలు, ఏడాది పట్టడం మామూలే. నా మొదటి పత్రం విషయంలో ఆ ఓపిక లేక, రుసుము కడితే వెంటనే వేస్తామన్న ఒక పత్రికకు పంపాను. తొమ్మిది రోజుల్లో అంగీకార లేఖ వచ్చింది, ఒక్క ప్రశ్న రాలేదు. కొన్నేళ్ళకు ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ పత్రంలో మూడో పేజీలో ఉన్న ఖాళీని వేలు పెట్టి చూపించినప్పుడు, ఆ ప్రశ్న రెఫరీ అడిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఉద్యోగం

అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం పదో స్థాయిలో 57,700 రూపాయలతో మొదలవుతుంది. 2023 జూలై నుంచి ఆ నియామకానికి పీహెచ్.డి. తప్పనిసరి కాదు, నెట్ గాని, మన రాష్ట్రంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీసెట్ గాని కనీస అర్హత. నోటిఫికేషన్లు అరుదుగా వస్తాయి కాబట్టి మధ్యలో గెస్టు లెక్చరరుగా పని చేయడం మన దగ్గర చాలామందికి తప్పడం లేదు. అవకాశం ఉంటే ఆ సంవత్సరాలను పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్‌లో గడపండి. గైడు పేరు లేకుండా ఒక పత్రమైనా రాయడం అప్పుడే కుదురుతుంది.

పదోన్నతి లెక్కల్లో ఒక చిక్కు ముందే తెలుసుకోవాలి. గణితంలో రచయితల పేర్లు అక్షరక్రమంలో వేయడం ఆనవాయితీ. యూజీసీ 2018 నిబంధనల పట్టికలో మాత్రం ఇద్దరికి మించిన రచయితలుంటే మొదటి లేదా ముఖ్య రచయితకు 70 శాతం, మిగిలిన ఒక్కొక్కరికి 30 శాతం మార్కులు. పేరు వెంకటతో మొదలయ్యేవారు ఉత్తరాలు నడిపే బాధ్యతను తామే తీసుకుని, ముఖ్య రచయితగా నమోదు కావడం మంచిది.

కొలువు దొరికాక వారానికి 16 గంటల బోధన ఉంటుంది, పరిశోధన సాయంత్రాలకు జరుగుతుంది. నాకు ఉపయోగపడిన పద్ధతి, కళాశాలలో జరుగుతున్న పనిలోనే ప్రశ్న వెతుక్కోవడం. టైంటేబుల్ వేసే పని నా మీద పడ్డప్పుడు లెక్చరర్లను ఒక వైపు, తరగతులను మరో వైపు చుక్కలుగా పెట్టి, ప్రతి గంట పాఠాన్నీ ఒక గీతగా గీశాను. అందరికంటే ఎక్కువ పాఠాలున్న లెక్చరరుకు లేదా తరగతికి ఎన్ని పాఠాలో, సరిగ్గా అన్ని పీరియడ్లలో మొత్తం పట్టిక ఇమిడిపోతుందని 1916 నాటి కోనిగ్ సిద్ధాంతం చెప్తుంది. ఆ పట్టిక తయారయ్యాక సహోద్యోగి ఒకరు వచ్చి, కావలికి నాలుగు గంటల రైలు అందుకోవాలి కాబట్టి శుక్రవారం చివరి పీరియడ్ తనకు వద్దన్నారు. ఇంకొకరు సోమవారం మొదటి పీరియడ్ వద్దన్నారు. ఎవరు ఏ పీరియడ్‌లో దొరుకుతారన్న షరతులు చేరితే ఈ సమస్య ఎన్‌పీ-కంప్లీట్ (త్వరగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియని రకం) అవుతుందని ఈవెన్, ఇటాయ్, షమీర్ 1976లో నిరూపించారు. ఆ పత్రం జిరాక్సు తీసి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. ఆయన చదివి, రైలు టైము మార్పించడం కుదురుతుందేమో చూడమన్నారు.